ఆఫీసు టెలిఫోను బ్యాటరీ నేర్పిన పాఠం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు గారు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



ఇంతవరకు మాట్లాడిన పెద్దలు డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి చక్కగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీ అనుభవంలోంచి నలుగురికీ పనికొచ్చే సంగతి ఒకటి చెప్పండి" అని ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో 58 ఏళ్ళు నిండి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. అయితే నా సర్వీసులో దాదాపు పద్దెనిమిదేళ్ళు ఆఫీసు టెలిఫోన్ల వ్యవహారం నా సీటులోనే ఉండేది. ఆ సీటు నాకు బ్యాటరీల గురించి కొంత నేర్పింది. నా గురించి నాకు ఇంకా ఎక్కువ నేర్పింది. ఆ రెండూ మీకు మనవి చేసుకుంటాను. ఆఫీసు పేరు, ఊరి పేరు చెప్పను. అక్కడ పనిచేసినవారు ఈ సభలోనే ఉన్నారు, వారికి తెలిసిపోతుంది. మిగిలినవారికి పేర్లతో పని లేదు.

మా బోర్డు సంగతి

డెల్టా ప్రాంతంలో ఒక జిల్లా స్థాయి కార్యాలయం మాది. 1990లో మా ఆఫీసుకు ఇ.పి.ఎ.బి.ఎక్స్. వచ్చింది. పేరు పలకడానికి నోరు తిరగక అందరం "బోర్డు" అనేవాళ్ళం. బయటి లైన్లు నాలుగు, లోపలి ఫోన్లు ఇరవై నాలుగు. అంతకుముందు సెక్షనుకొక అటెండరు చీటీ పట్టుకుని తిరిగేవాడు. బోర్డు వచ్చాక సూపరింటెండెంటుగారు కుర్చీలోంచి లేవకుండానే మమ్మల్ని కేకలేసే సౌకర్యం కలిగింది.

ఈ బోర్డు 48 వోల్టుల డి.సి. కరెంటు మీద నడుస్తుంది. ఒక్క మా బోర్డే కాదు, పెద్ద టెలిఫోను ఎక్స్ఛేంజీలు కూడా చాలావరకు 48 వోల్టుల మీదే నడిచాయి. ఇవాళ మన వీధి చివర నిలబడిన సెల్ టవరు కింద కూడా చాలావరకు 48 వోల్టుల బ్యాటరీలే ఉంటాయి. మా దగ్గర జీపుకు వాడేలాంటి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు, ఒకదాని వెనుక ఒకటి కలిపి మెట్ల కింద గదిలో పెట్టారు. పక్కనే గోడకు ఛార్జరు. కరెంటు ఉన్నంతసేపు ఛార్జరే బోర్డును నడుపుతుంది, బ్యాటరీలను కూడా నిండుగా ఉంచుతుంది. కరెంటు పోతే బ్యాటరీలు బోర్డును మోస్తాయి. ఫోనులో మాట్లాడేవారికి ఈ మార్పు తెలియనే తెలియదు.

ఆ తెలియకపోవడంలోనే చిక్కంతా ఉంది. కరెంటు ఉన్నంతకాలం బ్యాటరీ బతికి ఉన్నా, చచ్చి ఉన్నా ఫోన్లు ఒకేలా మోగుతాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. కాబట్టి నెలకోసారి చూసి రిజిస్టరులో రాయమని రూలు పెట్టారు. ఆ రిజిస్టరు నా దగ్గర ఉండేది. మొదటి రెండు మూడేళ్ళు మెట్ల కిందికి వెళ్ళి చూసేవాణ్ణి. తరువాత తలుపు దగ్గరినుంచి ఛార్జరు మీద ఎర్రలైటు వెలుగుతోందా లేదా చూసి వచ్చేసేవాణ్ణి. ఆ తరువాత అదీ మానేసి, సీటులో కూర్చునే "తనిఖీ చేయడమైనది. సరిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఇక్కడున్నవారిలో నేనొక్కణ్ణే ఇలా చేశానని అనుకోను. కానీ నా సంగతి నేను చెప్పుకోవాలి.

ఆపరేటరు గారు విన్న రొద

మా బోర్డు ఆపరేటరు గారికి చూపు లేదు. వికలాంగుల కోటాలో వచ్చారు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవారు. ఇరవై నాలుగు ఫోన్లలో ఏది ఎవరిదో, ఎవరు ఎన్ని గంటలకు సీటులో ఉంటారో ఆయనకు కంఠతా వచ్చు. గొంతు వినీ వినగానే "నమస్కారం సార్" అని పేరు పెట్టి పలకరించేవారు.

1997 సెప్టెంబరు నెలాఖరున ఒక మధ్యాహ్నం మూడు గంటలసేపు కరెంటు పోయి వచ్చింది. మరునాడు ఆపరేటరు గారు గోడ పట్టుకుని నడుచుకుంటూ నా సీటు దగ్గరకు వచ్చారు.

"సార్, నిన్న కరెంటు వచ్చిన దగ్గర్నుంచీ లైనులో తుమ్మెద రొదలాగ ఒక శబ్దం వస్తోందండీ. డయల్ టోను వెనకాల గుంయ్‌మంటోంది. ఒకసారి చూపించండి."

నేను ఫోను ఎత్తి విన్నాను. ఏదో సన్నగా వినిపించింది. "వానాకాలం కదండీ, లైన్లు తడిసి ఉంటాయి" అని పంపించేశాను. మళ్ళీ నాలుగు రోజులకు ఇంకోసారి వచ్చి చెప్పారు. అప్పుడు నేను బడ్జెటు నంబరు స్టేట్‌మెంటు పనిలో ఉన్నాను. "సరే చూద్దాం" అన్నాను. చూడలేదు. అక్టోబరు ఒకటో తేదీన మాత్రం రిజిస్టరులో మామూలుగా "సరిగా ఉన్నది" అని రాశాను.

ఆ రాత్రి

వానాకాలంలో మా ఆఫీసులో రాత్రిపూట కంట్రోలు రూము నడిచేది. అక్టోబరు రెండో వారంలో ఒక రాత్రి కుండపోతగా వాన. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. పోయిన క్షణంలోనే బోర్డు కూడా ఆగిపోయింది. పది నిమిషాలు కూడా మొయ్యలేదు.

ఇలాంటి బోర్డుల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. బోర్డు పూర్తిగా ఆగిపోతే బయటి లైను తనంతట తానే ముందుగా నిర్ణయించిన ఒక ఫోనుకు కలిసిపోతుంది. మంచి ఏర్పాటే. కానీ బోర్డు బిగించిన రోజున మర్యాద కొద్దీ ఆ ఫోనును ఆఫీసరుగారి ఛాంబరులో పెట్టారు. రాత్రిపూట ఛాంబరుకు తాళం. తాళంచెవి క్యాంపు క్లర్కు దగ్గర. ఆయన సెలవు మీద ఊరు వెళ్ళాడు.

ఒంటిగంట దాటాక ఛాంబరులో ఫోను మోగడం మొదలైంది. కంట్రోలు రూము డ్యూటీలో ఉన్న మా టైపిస్టు, వాచ్‌మన్ ఇద్దరూ వరండాలో నిలబడి ఆ మోత విన్నారు. తలుపు తొయ్యడానికి ప్రయత్నించారు. ఆఫీసరుగారి తలుపు పగలగొట్టే ధైర్యం ఎవరికుంటుంది? మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. నాలుగున్నరకు ఒక మనిషి మోపెడ్ మీద తడిసి ముద్దయి వచ్చి చెప్పాడు: డ్రెయిను గట్టు తెగింది, ఎస్.టి.డి. బూతు వాణ్ణి నిద్రలేపి మూడుసార్లు ఫోను చేశాం, ఎవరూ ఎత్తలేదు అని.

భగవంతుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. ఇరవై ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. ఒక ముసలమ్మ రెండు గేదెలు పోయాయి. ఆమె జీవనాధారం అవే. మూడు గంటల ముందు కబురు అంది ఉంటే కట్లు విప్పి మెరక మీదికి తోలేవారు.

పెద్దాయన చేసిన తనిఖీ

మరునాడు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు బ్యాటరీ గదిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను పిలిపించారు. చేతిలో ఒక మీటరు, ఒక హైడ్రోమీటరు, భుజాన తువ్వాలు. ఆయన పని చేసిన వరుస నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఏ స్క్రూ విప్పకముందు చూశారు. చూశాక కొలిచారు. కొలిచాకనే విప్పారు.

ముందు ఛార్జరు లైటు చూపించి, "బాబుగారూ, ఈ లైటు వెలిగితే ఛార్జరుకు కరెంటు వస్తోందని అర్థం. బ్యాటరీకి కరెంటు పోతోందని కాదు" అన్నారు. ఏడేళ్ళుగా నేను చూసింది ఆ లైటునే.

తరువాత మీటరు ఛార్జరు బయటికిచ్చే చోట పెట్టారు. 54 వోల్టులు. సరైన లెక్కే. ఒక్కొక్క బ్యాటరీకి 13.5 చొప్పున నాలుగింటికి 54. అదే మీటరు బ్యాటరీల రెండు కొసల మీద పెట్టారు. 46 చిల్లర. "రెండు చోట్లా ఒకటే రావాలి. రాలేదంటే మధ్యలో దారి తెగింది" అన్నారు. మధ్యలో ఉన్నది ఒక ఫ్యూజు. పైకి నిక్షేపంగా ఉంది. దానిని విప్పకుండానే దాని రెండు చివరల మధ్య మీటరు పెడితే దాదాపు 8 వోల్టులు చూపించింది. మంచి ఫ్యూజు మీద సున్నా చూపించాలి. ఆ తేడా 8 వోల్టులే ఛార్జరుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న తేడా.

నేను సంతోషించి "అయితే కొత్త ఫ్యూజు వేసేద్దాం" అన్నాను. ఆయన నవ్వి, "ఫ్యూజు పోవడం జ్వరం లాంటిది బాబూ. జబ్బు ఇంకోచోట ఉంటుంది" అన్నారు. ఒక్కొక్క బ్యాటరీని విడివిడిగా కొలిచారు. మూడు 12.1 దగ్గర ఉన్నాయి, అంటే సగం ఖాళీ. మూడోస్థానంలో ఉన్నది సరిగ్గా 10. ఒక 12 వోల్టుల బ్యాటరీలో 2 వోల్టుల అరలు ఆరు ఉంటాయి. ఒక అర పూర్తిగా పోతే పదీ పదిన్నర దగ్గర ఆగుతుంది. మూతలు తీస్తే ఆ అరలో ప్లేట్లు నీళ్ళ పైకి తేలి తెల్లబారి ఉన్నాయి.

జరిగింది ఇదీ. ఆ అర ఎప్పుడో దెబ్బతింది. సెప్టెంబరులో మూడు గంటలు కరెంటు పోయి వచ్చినప్పుడు ఖాళీ అయిన బ్యాటరీలు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగాయి. పాత ఫ్యూజు ఎగిరిపోయింది. ఆ రోజునుంచీ బోర్డు ఒట్టి ఛార్జరు మీదే నడిచింది. ఛార్జరు ఇచ్చే కరెంటు చెరువు నీటిలా నిలకడగా ఉండదు, అందులో సెకనుకు వంద అలలు ఉంటాయి. బ్యాటరీ కలిసి ఉంటే ఆ అలలను అది మింగేస్తుంది. విడిపోతే ఆ అలలే ఫోనులో గుంయ్‌మని వినిపిస్తాయి. చూపులేని ఆపరేటరు గారు మరునాడే పట్టుకున్న జబ్బు అది. రెండు కళ్ళూ ఉన్న నేను వానమీదికి నెట్టేశాను.

మెమో

వారం తిరక్కుండా మెమో వచ్చింది. నాకు కాదు, ఆపరేటరు గారికి. బోర్డు ఆయన చార్జిలో ఉన్నది కనుక, విధి నిర్వహణలో నిర్లక్ష్యానికి ఇంక్రిమెంటు ఎందుకు నిలపరాదో సంజాయిషీ ఇవ్వవలసిందని. రిజిస్టరు చూస్తే నెల నెలా తనిఖీ జరిగినట్టే ఉంది. అందుచేత తప్పు బోర్డు దగ్గర కూర్చున్న మనిషిదని తేల్చారు. నా సంతకం నన్ను కాపాడింది, ఆయనను ముంచింది.

ఆయన సంజాయిషీని టైపు చేయించే పని కూడా మా సెక్షనుకే వచ్చింది. చదివాను. "లైనులో శబ్దం వచ్చుచున్నట్లు గమనించితిని. మరమ్మతు చేయించుటలో ఆలస్యమైనది. క్షమించగలరు" అని మాత్రమే ఉంది. ఎవరికి చెప్పారో రాయలేదు. నా పేరు ఎక్కడా లేదు.

అయ్యా, ఆ సాయంత్రమే వెళ్ళి నిజం చెప్పేశానని మీకు చెప్పాలని ఉంది. కానీ పది రోజులు ఆగాను. ప్రమోషను ప్యానెలు దగ్గరలో ఉంది. ఇంట్లో అమ్మాయి పెళ్ళి ఉంది. పది రోజులూ నాకు ఫోను ఎత్తాలంటే భయం వేసేది. అవతలినుంచి ఆయన ఎప్పటిలాగే "నమస్కారం సార్" అనేవారు. పదకొండో రోజున నా చేతివ్రాతతో ఒక నోటు రాసి పెట్టాను: ఆపరేటరు రెండుసార్లు నాకు తెలియజేశారు, తనిఖీ చేయకుండానే నేను రిజిస్టరులో రాశాను, బాధ్యత నాది అని. ఆఫీసరుగారు చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఆపరేటరు గారి మీద మెమో రద్దయింది. నాకు హెచ్చరిక, ఆ ఏడాది ప్యానెలులో పేరు లేదు. భార్య ఏమంటుందోనని భయపడుతూ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఈ పది రోజులూ అన్నం సరిగ్గా తినంది ఇందుకా!" అంది. అంతే.

ఒక్కటి మార్చి చెడ్డాం

ఇక మరమ్మతు. నాలుగు బ్యాటరీలూ మార్చమని పెద్దాయన చెప్పారు. ఫైలు మీద "పాడైనది ఒక్కటే కదా, నాలుగు ఎందుకు?" అని అకౌంట్స్ సెక్షను ప్రశ్న వేసింది. మూడు కొటేషన్లు తెప్పించి ఒక్కటే కొన్నాం. ఎనిమిది నెలలు తిరగకుండా ఇంకొకటి పోయింది, దానితోపాటు కొత్తది కూడా నీరసించింది. కారణం ఏమిటంటే, వరుసగా కలిపిన బ్యాటరీలన్నింటిలోనూ ఒకటే కరెంటు పారుతుంది. పాతవి త్వరగా నిండినట్టు కనిపించి పొంగుతుంటాయి, కొత్తది నిండదు. ఖాళీ అయ్యేటప్పుడు పాతవి ముందు చతికిలబడతాయి. కొత్త ఎద్దునూ ముసలి ఎద్దునూ ఒక కాడికి కడితే ఇద్దరికీ మెడ పుండు. 1998లో నాలుగూ ఒకేసారి, ఒకే రకం, ఒకే నెలలో తయారైనవి కొన్నాం. అవి ఐదేళ్ళు పనిచేశాయి.

2003లో మరో రకం తంటా వచ్చింది. ఈసారి మెట్ల కింద కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వెళ్ళి చూస్తే బ్యాటరీలు వేడిగా ఉన్నాయి, నీళ్ళు అడుగంటాయి. ఛార్జరులో రెండు స్థాయిలుంటాయి. రోజూ నిలకడగా ఉంచేది 54 వోల్టులు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని గబగబా నింపేది 57, 58 వోల్టులు. దాన్ని బూస్ట్ అంటారు. ఎవరో బూస్ట్‌లో పెట్టి మళ్ళీ వెనక్కి తిప్పలేదు. తక్కువ పెడితే బ్యాటరీ ఆకలితో చస్తుంది, ఎక్కువ పెడితే అజీర్తితో చస్తుంది.

పనికొచ్చే వరుస

ఇవన్నీ చూశాక నేను రిజిస్టరు మొదటి పేజీలో అతికించుకున్న వరుస ఇది. ఇంట్లో ఇన్వర్టరు ఉన్న ప్రతివారికీ పనికొస్తుంది.

1. చూడడం: బ్యాటరీ ఉబ్బిందా, పగిలిందా, టెర్మినళ్ళ మీద తెల్లని లేక పచ్చని పొడి పేరుకుందా, నీళ్ళు గుర్తుకంటే తగ్గాయా, ఛార్జరులో బల్లి గానీ ఎలుక గానీ దూరిందా. సగం జబ్బులు ఇక్కడే దొరుకుతాయి.

2. ఛార్జరు పనిచేస్తుండగా కొలవడం: 12 వోల్టుల బ్యాటరీ మీద 13.5 నుంచి 13.8 ఉంటే మంచిది. 12.6 దగ్గరే కదలకుండా ఉంటే ఛార్జింగు అందడం లేదు. రోజులతరబడి 14.4 దాటి ఉంటే ఛార్జరు అదుపు తప్పింది.

3. విశ్రాంతిలో కొలవడం: ఛార్జరు ఆపి, బ్యాటరీని దేనికీ వాడకుండా కొన్ని గంటలు ఉంచి కొలవాలి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12కు తగ్గితే దాదాపు ఖాళీ.

4. బరువు మోయించడం: ఇదే అసలు పరీక్ష. మెయిన్ స్విచ్ ఆపి అరగంట బ్యాటరీ మీద నడపాలి. మొదట్లో, పావుగంటకు, అరగంటకు ఒక్కొక్కదాన్ని కొలిచి రాయాలి. నాలుగింటిలో ఏది అందరికంటే గబగబా జారిపోతే అదే రోగి. ఏ బ్యాటరీనీ 10.5 కంటే కిందికి దిగనివ్వకూడదు. దిగిన బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద గట్టి పొర కట్టుకుని మళ్ళీ కోలుకోదు.

5. రెండు చోట్లా కొలవడం: ఛార్జరు దగ్గర ఒక లెక్క, బ్యాటరీ దగ్గర ఒక లెక్క వస్తే మధ్యలో ఫ్యూజు, వైరు, వదులైన బోల్టు వెతకాలి. రెండు చోట్లా తక్కువే వస్తే బ్యాటరీని విడదీసి ఛార్జరును ఒక్కదాన్నే కొలవాలి. అప్పుడూ తక్కువే వస్తే ఛార్జరు తప్పు. సరిగా వస్తే బ్యాటరీ తప్పు.

ఛార్జరు లోపల డయోడ్లు, కెపాసిటర్లు ఉంటాయి. పాతబడితే కెపాసిటరు ఎండిపోతుంది, తల ఉబ్బుతుంది, బ్యాటరీ కలిసి ఉన్నా రొద వస్తుంది. కానీ ఛార్జరు మూత మనం విప్పరాదు. లోపల 230 వోల్టులుంటాయి. స్విచ్ ఆపినా కెపాసిటరులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. అది మెకానిక్ పని.

ఇంకొక మాట, ఎండ గురించి. బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల వేడికి లెక్క కడతారు. ఎప్పుడూ దానికంటే పది డిగ్రీలు ఎక్కువగా ఉండేచోట పెడితే ఆయుష్షు దాదాపు సగమైపోతుంది. మన మే నెలలో, గాలి ఆడని మెట్ల కింద గదిలో ఎంతకాలం బతుకుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇంటి సంగతి

ఇప్పుడు ఆఫీసులో బోర్డులు తగ్గిపోయాయి. కానీ బ్యాటరీ మన ఇంటికే వచ్చింది. మనలో కొందరికి ఆక్సిజన్ యంత్రం, కొందరికి నెబ్యులైజరు అవసరం. చాలామంది పిల్లలు దూరదేశాల్లో ఉంటారు. ఫోనే మనకు చేతికర్ర.

ఒక సంగతి చాలామందికి తెలియదు. పాత రాగితీగ లాండ్ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే తీగలో వచ్చేది. అందుకే ఊరంతా చీకటైనా ఆ ఫోను మోగేది. ఇప్పుడు ఫైబరు వచ్చింది. గాజుతీగలో వెలుతురు వస్తుంది గానీ కరెంటు రాదు. ఇంట్లో గోడకు తగిలించిన చిన్న పెట్టెకు కరెంటు లేకపోతే లాండ్ ఫోను మూగబోతుంది. కాబట్టి ఆ పెట్టె ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉందో లేదో ఇవాళ ఇంటికి వెళ్ళి చూసుకోండి. లేకపోతే దానికంటూ చిన్న బ్యాకప్ పెట్టించుకోండి.

ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. మంచినీళ్ళు గానీ, ఇంట్లో ఫిల్టరు నీళ్ళు గానీ పొయ్యకూడదు. ఫిల్టరు నీళ్ళలోనూ కొంత లవణం మిగిలి ఉంటుంది. యాసిడ్ ఎప్పుడూ పొయ్యకూడదు, తగ్గేది నీరే. నిండేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుచేత బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, అగరొత్తి వద్దు, పూజగదిలో బ్యాటరీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసి గానీ దాని జోలికి పోవద్దు. వోల్టేజి చిన్నదే అయినా లోహం అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. యాసిడ్ కంట్లో పడితే ధారగా నీళ్ళతో పావుగంట కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మన వయసులో ఈ పనులు మనవలతోనో, మెకానిక్‌తోనో చేయించుకుని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మేలు. పాత బ్యాటరీని పాతసామాన్ల వాడికి అమ్మవద్దు. సీసం విషం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. కాబట్టి కొత్తది కొన్న డీలరుకే పాతది ఇవ్వండి. ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

అన్నింటికంటే ముఖ్యం, పెన్షను పడిన రోజున అరగంట మెయిన్ ఆపి చూడండి. ఫ్యాను, లైటు, ఫోను పెట్టె అరగంట నిలబడ్డాయా? తేదీ వేసి క్యాలెండరు మీద రాయండి. ఆక్సిజన్ యంత్రం వాడేవారు ఉన్న ఇంట్లో మాత్రం డాక్టరును, మెకానిక్‌ను అడిగి, వేరే సిలిండరు సిద్ధంగా ఉంచుకుని గానీ ఈ పరీక్ష చెయ్యవద్దు.

ముగింపు

ఆ నోటు పెట్టిన తరువాతి నెలనుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకటో తేదీ పది గంటలకు నేను మెట్ల కింద మీటరు పట్టుకుని నిలబడేవాణ్ణి. మెయిన్ ఆపగానే బోర్డు దగ్గర ఆపరేటరు గారు చెవికి ఫోను పెట్టుకుని వినేవారు. అంకెలు నావి, శబ్దం ఆయనది. అరగంట అయ్యాక "బాగుంది సార్, రాయండి" అనేవారు. అప్పుడే రాసేవాణ్ణి. ఛాంబరులోని ఆ ఫోనును మాత్రం మరుసటి వారమే వరండాలో వాచ్‌మన్ బల్ల మీదికి మార్పించారు. నేను రిటైరైన రోజున ఆయన సభలో రెండే మాటలు మాట్లాడారు: "ఈయన రాసిన రిజిస్టరును నేను చదవలేను. కానీ నమ్ముతాను." నాకు ఇచ్చిన శాలువా కంటే ఆ మాటే ఇప్పటికీ దాచుకున్నాను. ఆయన ఇప్పుడు మన మధ్య లేరు.

మిత్రులారా, ఆపద వేళకు ఉంచుకున్న వస్తువు మామూలు రోజున తన లోపం తాను చెప్పదు. మనమే వెళ్ళి అడగాలి. బ్యాటరీకైనా అంతే, ఒంటరిగా ఉంటున్న మన తోటి పెన్షనరుకైనా అంతే. దీపం వెలుగుతోంది కదా, బాగానే ఉన్నారులే అనుకోకుండా నెలకొకసారి తలుపు తట్టి చూడండి. చూడకుండా మాత్రం "సరిగా ఉన్నది" అని రాయవద్దు.